ఆదివారం సూది

“సూది మీద పేరు రాసి ఉంటదా?” అన్నాడు విక్రాంత్.

అలేఖ్య కప్పు చేతిలో పట్టుకుని కూర్చుంది. టీ చల్లారి పైన మీగడ కట్టింది. తాగబుద్ధి కాలేదు, పారబోయబుద్ధీ కాలేదు.

“నిన్నటి సంది అడుగుతున్న. మన గల్లీల దవాఖాన మనదొక్కటేనా? మూలకు పిల్లల డాక్టరు లేడా? ఎదురుంగ రక్తపరీక్షలోళ్ళు లేరా? ఇంకింత ముంగటికి పోతే సూదులేసే కుమార్ లేడా? ఐలవ్వ బండ్ల అందరి చెత్త పడ్తది. గా సూది మనదే అని నీకెట్ల తెలుసు?”

“కవరు కట్టింది నవనీత. ఆమెకు తెల్వదా?”

“నవనీతతోని నేను మాట్లాడిన.”

ఆ మాట అతను చాలా తేలిగ్గా అన్నాడు. అలేఖ్య తలెత్తి భర్త ముఖంలోకి చూసింది.

“ఏం మాట్లాడినవ్?”

“ఏం లేదు. జర ఊకో, నీ నౌకరీకి ఫికర్ లేదు అన్న. అంతే.”

కింద అలేఖ్య పంటి క్లినిక్, పైన ఇల్లు. కింది మెట్టు మీద, క్లినిక్‌లో సాయం చేసే నవనీత కూర్చుని ఉంది. క్లినిక్ తెరిచే వేళ ఇంకా కాలేదు, అయినా వచ్చింది. తాళంచెవి చేతిలోనే ఉన్నా తలుపు తీయలేదు. కిటికీలోంచి చూస్తే ఆమె జడ, భుజాలు మాత్రమే కనబడుతున్నాయి. అలేఖ్య కిటికీ దాకా వెళ్ళి, పిలవలేక వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చింది.

నిన్న పొద్దున నవనీత తల్లి ఐలవ్వ మున్సిపాలిటీ చెత్త బండితో ఎప్పటిలాగే ఈ గల్లీలోకి వచ్చింది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తూ, ఈ ఇంటి గేటు పక్కన పెట్టిన నల్ల కవరును అరచేత్తో అదిమింది. లోపలున్న సూది చేతితొడుగును చీల్చుకుని బొటనవేలి కింద దిగింది. కొంగు చింపి చుట్టుకుని, ఆమె మిగతా గల్లీ అంతా తిరిగి పని ముగించుకుంది. సాయంత్రం ఇంటికి పోయాక గానీ కూతురికి చెప్పలేదు.

ఆ కవరుకు ముడి వేసింది నవనీతే. వేయమన్నది అలేఖ్య.

ఆదివారం క్లినిక్‌కు సెలవు. మామగారు సీతారాంరావు పన్ను నొప్పికి తట్టుకోలేకపోతున్నాడని, ఆయన ఒక్కడి కోసం తలుపులు తెరిచి దవడ పన్ను తీసింది. సాయానికి నవనీతను పిలిపించింది. పని అయ్యాక ఆ పిల్ల అడిగింది, “మేడం, సూదుల డబ్బ నిండింది. ఇది దేంట్ల వెయ్యాలె?” అని. అలేఖ్య చేతులు కడుక్కుంటోంది. వెనక్కి తిరగలేదు. “కవర్ల వేసి కట్టు, రేపు చూద్దాం” అంది.

మర్నాడు ఎవరూ చూడలేదు. ఆ కవరు ఇంటి చెత్తతో పాటే గేటు పక్కకు చేరింది.

డబ్బా నిండిపోవడానికీ ఒక కథ ఉంది. ఆసుపత్రుల చెత్త తీసుకుపోయే బండి ఒకటి ఇదివరకు క్రమం తప్పకుండా వచ్చేది. రక్తం అంటిన దూది పసుపు సంచిలో, సూదులు తెల్ల డబ్బాలో పెట్టి ఆ బండికే అప్పగించాలి. ఇంకెవరికీ ఇవ్వకూడదు. వానాకాలంలో ఒకనాడు సీతారాంరావు వరండాలో పత్తి వ్యాపారులతో కూర్చుని ఉండగా ఆ బండి వచ్చి గేటుకు అడ్డంగా ఆగింది. ఒంటి నిండా ప్రమాదపు గుర్తులు, తలుపు తీయగానే వాసన. “మా తాత కట్టిన గేటు ముంగట గా పీనుగుల బండి నిలబడుడేంది?” అన్నాడాయన, వచ్చినవాళ్ళు పోగానే. విక్రాంత్ బండిని రావద్దని చెప్పేశాడు. క్లినిక్ పర్మిషన్లు, మనుషులు, లెక్కాజమా అంతా చూసుకునేది అతనే. “వేరే బందోబస్తు చేస్త” అన్నాడు. అలేఖ్య ఒకసారి అడిగింది. “అయితది తియ్యి” అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

అడగకుండా ఉండటం ఎంత హాయిగా ఉండిందో ఇప్పుడు తలుచుకుంటే ఆమెకు ఒళ్ళు ముడుచుకుపోయింది.

*

సీతారాంరావు లోపలి గదిలోంచి వచ్చి పడక కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ చెంప ఇంకా వాచి ఉంది. మాట ముద్దముద్దగా వస్తోంది.

“ఐలవ్వకు ఏం గావాల్నో అది చేద్దాం. అవసరమైతే నాగ్‌పూర్ తీస్కపోదాం. అంతేగని ఊరంత డప్పు కొట్టుకునుడు ఎందుకు బిడ్డా?”

“నాగ్‌పూర్ అక్కర్లేదు మామయ్యా. ఇక్కడ పెద్ద దవాఖాన్లనే ఉన్నది మందు. పొద్దుగాల్లనే పోయి కూసున్నదట ఆమె. టీకా ఎట్లైనా వేస్తరు. కాని దానితోటి ఇంకో ఇంజెక్షన్ ఉంటది. రోగం ఉన్నోళ్ళ రక్తం తగిలిందని తెలిస్తే ఇచ్చేది అది. సూది ఎవలకు వాడిందో ఎవరన్న పోయి చెప్పాలె. ఆలస్యమైతే ఇచ్చినా ఫాయిద ఉండదు.”

“ఎవలకు రోగం?”

అడిగింది అత్తగారు రుక్మాబాయి. అందరూ వంటింటి గుమ్మం వైపు తిరిగారు. భర్త గట్టివి నమలలేడని జొన్న అంబలి చేసి తెస్తోంది. ఆమె పుట్టిల్లు మహారాష్ట్రలోని కిన్వట్. ఈ ఇంటికి వచ్చి తల నెరిసినా మాటలో మరాఠీ పోలేదు.

“ఎవలకు రోగం, సూన్‌బాయి?” అని కోడలిని మళ్ళీ అడిగింది. “ఆదివారం క్లినిక్ బందు గద. మీ మామ పన్ను తప్ప ఇంకెవలది తీసినవ్?”

విక్రాంత్ ఫోన్ మోగింది. అతను చూసి, కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు.

“అవ్వా, నువ్వు లోపలికి పో” అన్నాడు తల్లితో.

“ఎందుకు పోవాలె?”

సీతారాంరావు కళ్ళు మూసుకున్నాడు. చివరికి అలేఖ్యే చెప్పింది. నేల చూస్తూ చెప్పింది. ఆ పన్ను తీయాల్సి వస్తుందని ఇదివరకే ఒకసారి రక్తపరీక్ష చేయిస్తే హెపటైటిస్ బి అని తేలిందని, కాలేయానికి పట్టే కామెర్ల రోగమని, పైకి ఏమీ కనబడకుండా ఏళ్ళకేళ్ళు లోపల ఉంటుందని, వాడిన సూదితో ఇంకొకరికి అంటుకుంటుందని.

రుక్మాబాయి గిన్నెను బల్ల మీద పెట్టింది. కొంచెం ఒలికింది. తుడవలేదు.

“ఎప్పటి సంది తెలుసు?”

“బతుకమ్మ పండుగకు ముంగటి సంది.”

“నీకూ తెలుసా?” అని కొడుకును అడిగింది. అతను గోడ వైపు చూశాడు.

“నేనే చెప్పద్దన్న” అన్నాడు సీతారాంరావు, కళ్ళు తెరవకుండానే. “తెలిస్తే ఏమైతది? మార్కెట్ల నా పక్కకు ఎవడన్న కూసుంటడా? నా చేతి నీళ్ళు తాగుతరా? పెండ్లిల్లకు పోతే నాకు గిలాస వేరే పెడ్తరు.”

ఆ మాట అన్నాక ఆయనే ఆగిపోయాడు. గేటు పక్క పిట్టగోడ మీద ఐలవ్వ టీ తాగే స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది. ఆ గ్లాసు ఈ ఇంటి వంటింట్లోకి ఏనాడూ రాలేదు. అది అందరికీ గుర్తొచ్చింది. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

“గిలాసతోని అంటుకోదు మామయ్యా” అంది అలేఖ్య మెల్లగా.

“భార్యాభర్తలకు?” అంది రుక్మాబాయి.

అలేఖ్య తలెత్తి అత్తగారిని చూసింది.

“అంటుకోవచ్చు, అత్తయ్యా.”

“మరి నాకు పరీక్ష చేపియ్యాలె గద?”

“చేపియ్యాలె.”

“అప్పుడే చేపియ్యాల్సుండె గద?”

“అవును.”

“నువ్వు డాక్టరువు గద, సూన్‌బాయి.”

కోపంగా అనలేదు. అరిచినా, గిన్నె విసిరికొట్టినా అలేఖ్య తట్టుకునేది. ఆమె చాలా మామూలుగా, తెలియని సంగతి తెలుసుకుంటున్నట్టు అంది. కరీంనగర్ నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ‘మా ఇంటికి డాక్టరు వచ్చింది’ అని వాడ వాడంతా తిప్పి చూపించింది ఈ మనిషే. అలేఖ్యకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి విక్రాంత్ ఎత్తాడు. “ఆ… చెప్పు హరీష్… సరే, మీరు చూసుకోండ్రి” అని పెట్టేశాడు.

హరీష్ మున్సిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టర్. చెత్తలో సూది ఎవరు వేశారో తేల్చమని కార్మికులంతా నిన్న సాయంత్రం అతని మీద పడ్డారు.

“ఏమంటున్నడు?” అంది అలేఖ్య.

“ఏమంటడు? కుమార్ దగ్గరికి పోతున్నరట.”

“కుమార్ ఏం చేసిండు?”

“ఎన్నడన్న ఏదన్న చేసే ఉంటడు. పల్లెటూర్లకు పోయి సూదులేసేటోడు. వాని మీద పడ్తే ఏం మునుగుతది? క్లినిక్‌కు సీలు పడ్తే మన గతేంది, ఆలోచించినవా? పేపర్ల ఫోటోతోని వస్తది. నీ చదువు, నీ పేరు…”

“నేను మామయ్య పేరు చెప్ప. సూది మనదని చెప్త, రోగం ఉన్నోళ్ళకు వాడినమని చెప్త. అంతే.”

“ఆదివారం కుర్చీల కూసున్నది ఎవలో నవనీతకు తెల్వదా? ఐలవ్వకు తెల్వకుంటదా? పొద్దుగూకే వరకు ఆదిలాబాద్ అంత తెలుస్తది!”

అతను అన్నది నిజమే. మామగారి వైపు చూసింది. ఆయన వాచిన చెంప మీద చెయ్యి పెట్టుకుని, ముసలివాడైపోయి కూర్చున్నాడు. నిన్నటి దాకా ఆ మనిషికి ఎదురు మాట్లాడినవాళ్ళు లేరు.

“అలేఖ్యా” అన్నాడు. “నా ఇజ్జత్ నీ చేతిల పెట్టిన బిడ్డా.”

ఆమె అడుగు ముందుకు పడలేదు. అక్కడే ఇంకాసేపు ఉంటే కూర్చుండిపోతానని ఆమెకు తెలుసు. కూర్చుంటే చాలు, అదే సర్దుకుపోతుంది, అన్నీ సర్దుకుపోయినట్టే.

“పో” అంది రుక్మాబాయి.

ఎవరిని అందో మొదట అర్థం కాలేదు.

“పో సూన్‌బాయి. పోయి చెప్పు. నాకు చెప్పకపోతివి, ఆమెకన్న చెప్పు.”

అని, ఒలికిన అంబలిని అప్పుడు కొంగుతో తుడవడం మొదలుపెట్టింది.

*

అలేఖ్య దిగుతున్న చప్పుడుకు నవనీత గబుక్కున లేచి నిలబడింది. రాత్రంతా ఏడ్చిన కళ్ళు. అయినా అలవాటుగా, “నమస్తే మేడం” అంది.

“దవాఖానకు పోదాం పా. నేను చెప్త వాళ్ళకు.”

నవనీత కదలలేదు. “సారు వద్దన్నడు గద మేడం.”

“ఏమన్నడు సారు?”

“కవరు నేను కట్టిన గద… నేను కట్టిన కవరే అవ్వకు గుచ్చుకున్నదని తెలిస్తే కేసు నా మీదికే వస్తదన్నడు. ఏ దవాఖానదో తెల్వదని చెప్పుమన్నడు అవ్వను.” ఆమె తాళంచెవిని వేళ్ళ మధ్య తిప్పింది. “నేను అవ్వకు ఏం చెప్పలే మేడం. నేనే కట్టిన్నని చెప్పలే. ఎట్ల చెప్పాలె?”

ఊకో, నీ నౌకరీకి ఫికర్ లేదు అని మాత్రమే చెప్పానన్నాడు విక్రాంత్.

“నీ తప్పు లేదు. నువ్వు అడిగినవ్. నేను కట్టుమన్న.”

నవనీత తల అడ్డంగా ఊపింది, నమ్మనట్టు.

“మీ అవ్వ ఎన్నడన్న కామెర్ల టీకా వేసుకున్నదా?”

“అవ్వకెవరేస్తరు మేడం? నాకే వెయ్యలే.”

అలేఖ్య ఆమె వైపు పూర్తిగా తిరిగింది.

“నీకు…”

“పన్ల చేరినప్పుడు అన్నరు గద మీరు. వేపిస్త, ఈ పని చేసేటోళ్ళు అందరు వేసుకోవాలె అని. మళ్ళ మరిచిపోయిన్రు.” నిష్ఠూరంగా కాదు, మేడం తరఫున తానే సర్దిచెబుతున్నట్టు అంది. “మీకు పేషెంట్లు ఎక్కువుంటరు గద.”

చేరినప్పుడు ఆ పిల్ల ఇంటర్ అప్పుడే పాసైంది. ఇప్పుడు పెళ్ళి చూపులు నడుస్తున్నాయి. ఇన్నాళ్ళుగా రోజూ ఆ చేతులే రక్తపు పనిముట్లు కడిగాయి. అలేఖ్య తన టీకా మాత్రం డెంటల్ కాలేజీలో చేరిన ఏడాదే వేసుకుంది.

ఆమె స్కూటీ బయటికి తీసి, నవనీతను వెనక ఎక్కించుకుంది.

*

గల్లీ చివర కుమార్ గది ముందు జనం ఉన్నారు. చెత్త బండ్లు రోడ్డుకు అడ్డంగా ఆపి ఉన్నాయి. ఎవరో బోర్డు పీకి నేలకేసి కొట్టారు. పెద్ద రోడ్డు మీద మార్కెట్‌కు పోయే పత్తి బండ్లు కదలక హారన్లు కొడుతున్నాయి. మధ్యలో కుమార్ చేతులు జోడించి నిలబడ్డాడు. చొక్కా గుండీలు ఊడి ఉన్నాయి. “నా దగ్గర నిన్న మొన్న సూదే వాడలేదు సార్, పిల్లల మీద ఒట్టు” అంటున్నాడు హరీష్‌తో.

ముందు ఇంజెక్షన్, తర్వాత ఇది అనుకుంది అలేఖ్య. పక్కనుంచి పోనిద్దామని స్కూటీ తిప్పింది. అలా అనుకోవడంలో న్యాయం ఎంత ఉందో, జనంలో ఆగలేని పిరికితనమూ అంత ఉంది. అది ఆమెకు తెలుసు.

“మేడం!” అని కుమార్ పిలిచాడు. “మీరన్న చెప్పుండ్రి మేడం. మీరు పెద్ద డాక్టరు. మీ మాట వింటరు వీళ్ళు.”

అందరూ తిరిగి చూశారు. వెనక కూర్చున్న నవనీత ఆమె భుజం గట్టిగా పట్టుకుంది.

అలేఖ్య బండి ఆపి దిగింది. హరీష్ దగ్గరికి నడిచింది. గట్టిగా చెప్పాలనుకుంది.

“ఆ సూది మాది” అంది. పక్కనున్నవాళ్ళకు మాత్రమే వినబడింది. “అతనిది కాదు. మా క్లినిక్‌ది.”

హరీష్ కంగారుగా అటూ ఇటూ చూశాడు. “మెల్లగ మేడం… జనం ఉన్నరు. నిన్న సారే ఫోన్ చేసి చెప్పిండు గద, కుమార్ దిక్కు చూడుమని. మీరెందుకు పరేషాన్ అయితున్నరు? ఇంటికొచ్చి మాట్లాడుత.”

ఇంటి పరువు కోసం నోరు మూసుకున్నాడనుకుంది భర్తను. వేలు పెట్టి చూపించాడని ఇప్పుడు తెలిసింది.

కుమార్‌కు ఆమె మాట వినబడింది. జోడించిన చేతులు కిందికి జారాయి. కింద పడ్డ బోర్డు మీదికి వంగి, ముక్కలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. అలేఖ్య సాయానికి వంగబోతే, “వద్దు మేడం” అన్నాడు. తలెత్తకుండానే.

*

పెద్దాసుపత్రి వరండాలో ఐలవ్వ బల్ల మీద కాక, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. చేతికి కట్టు. అలేఖ్యను చూడగానే లేవబోయింది.

“మీరెందుకొచ్చిన్రు దొరసానీ? జర గంతకే…”

“కూసో ఐలవ్వా.”

డ్యూటీ డాక్టరు పేరు మంజుల. కళ్ళకింద నిద్రలేని నలుపు. అలేఖ్య తన పేరు, తను ఏం చేస్తుందో చెప్పింది. ఆ తర్వాత ఆపకుండా చెప్పేసింది. సూది తన క్లినిక్‌ది, ఆదివారం వాడింది, వాడిన మనిషికి హెపటైటిస్ బి ఉంది, సూదుల డబ్బాలో వేయాల్సింది చెత్త కవరులో వేయించింది తనే. మంజుల రాసుకుంటూ విన్నది. ఒక్క చోట మాత్రం కలం ఆపింది.

“ఆ మనిషికి ఉందని మీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

మంజుల అది కూడా రాసుకుంది. నర్సును పిలిచి ఏ ఇంజెక్షన్ తేవాలో చెప్పింది. “ఇంకా టైముంది, మంచిదే అయ్యింది వచ్చిండ్రు” అంది. ఆ మంచి మాట అలేఖ్యకు చెంప మీద కొట్టినట్టే తగిలింది.

ఐలవ్వ అంతా వింది. ఎంత అర్థమైందో తెలియదు. అలేఖ్య వైపు చూడలేదు. కూతురి వైపు చూసింది.

“కవరు నువ్వు కట్టినవా?”

నవనీత ముఖం రెండు చేతులతో కప్పుకుంది.

“నిన్ననే చెప్పకపోతివా, పిచ్చి పోరి” అంది ఐలవ్వ. కట్టు లేని చేత్తో కూతురి తలను దగ్గరికి లాక్కుంది. ఆ ఇద్దరి ముందు అలేఖ్య నిలబడింది. క్షమించమని అడగాలనుకుంది. వాళ్ళిద్దరి మధ్యకు ఆ మాట తీసుకుని వెళ్ళడానికి తనకు చోటు కనబడలేదు.

మంజుల నవనీతను చూసింది. “నువ్వు వీళ్ళ క్లినిక్‌లనే పనిచేస్తవా? టీకా వేసుకున్నవా?”

“లేదు మేడం.”

“ఎన్నేండ్లాయె చేయబట్టి?” అడిగి, జవాబు కోసం చూడకుండానే, “నీకు ఎన్నడన్న గుచ్చుకున్నదా? సూది గాని, పనిముట్లు గాని?”

నవనీత చేతులు కిందికి దించింది. డాక్టరును చూడలేదు, తల్లిని చూడలేదు. ముందు అలేఖ్య ముఖంలోకి చూసింది. ఏం చెప్పమంటారు మేడం అన్నట్టు.

ఆ పిల్లకు అలా చూడటం ఎవరు నేర్పారో అలేఖ్యకు తెలుసు. చెప్పు, ఉన్నది ఉన్నట్టు చెప్పు అనాలి. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. కళ్ళు దించుకుంది.

వరండాలో ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారు. ఐలవ్వ కూతురి చెయ్యి పట్టుకునే ఉంది.

నవనీత ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని, చేతి మీద పడ్డ చున్నీ తీసి, ఎడమ చేతి వేళ్ళు ఒక్కొక్కటే డాక్టరు ముందు చాపింది.

“ఎన్నిసార్లని చెప్పాలె, మేడం?” అంది.